గుండెకు ఆపరేషన్, చేతికి కట్టు



బైపాస్ అయిన మనిషిని ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక, చూడవచ్చిన చుట్టాలకు ముందు కనిపించేది ఛాతీ మీది పట్టీ. అది వాళ్లు అనుకున్నదే. ఆ తర్వాత చూపు ఎడమ చేతి మీద పడుతుంది. మోచేతి కింది నుంచి మణికట్టు దాకా కట్టు. "ఆపరేషన్ గుండెకు గదా, చెయ్యేమైంది? మంచం మీంచి గానీ పడ్డాడా?" అని అడిగేవాళ్లూ ఉంటారు. పడలేదు. ఆ చేతిలోంచి జానెడు పొడవున్న రక్తనాళాన్ని తీసి గుండెకు కుట్టారు. ఆ సంగతి తెలియగానే రెండో ప్రశ్న పుడుతుంది: మరి ఆ చేతికి రక్తం ఎట్లా? ఇక ఆ చెయ్యి పనికొస్తుందా?

ఇది తెలియనితనంతో అడిగే ప్రశ్నేమీ కాదు. గుండె సర్జన్లు కూడా ముప్ఫై ఏళ్లకు పైగా ఇదే అడుగుతూ, పట్టు ఎంత ఉందో, స్పర్శ ఎంత ఉందో, రక్తం ఎంత వేగంగా పారుతోందో కొలుస్తూ వచ్చారు. వాళ్లకు తేలినదాన్ని ముందే చెప్పేస్తే నష్టం లేదు. భయమంతా రక్తం గురించి, ఇబ్బంది పెట్టేవి మాత్రం ఎక్కువగా నరాలు.

అసలు చేతి దాకా ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో చూద్దాం. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమనుల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే, ఆ అడ్డును అలాగే ఉంచి, దానికి అవతల కొత్త నాళాన్ని కుట్టి రక్తాన్ని దాటించడమే బైపాస్. 1964లో లెనిన్‌గ్రాడ్‌లో వసీలీ కోలెసోవ్ ఛాతీ గోడ లోపలి ధమనిని మళ్లించి గుండె ధమనికి కలిపాడు. 1967లో అర్జెంటీనా వైద్యుడు రెనే ఫావలోరో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో కాలి సిరతో బైపాస్ చేసి, ఆ పద్ధతిని ప్రపంచమంతా అందుకునేలా చేశాడు. మన దేశంలో మొదటి బైపాస్ 1975లో మద్రాసు పెరంబూరులోని రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేతుల మీదుగా జరిగింది.

ఛాతీ లోపలి ఎడమవైపు ధమనిని డాక్టర్లు 'లీమా' అంటారు. వార్డులో నాలుగు రోజులుంటే రోగి బంధువులకూ ఆ పేరు అలవాటైపోతుంది. గుండె ముందు భాగానికి రక్తమిచ్చే ముఖ్యమైన ధమనికి దీన్ని కలిపితే, పదేళ్ల తర్వాత చూసినా పదింట తొమ్మిది తెరుచుకునే ఉంటాయి. చిక్కల్లా ఏమిటంటే, బైపాస్ దాకా వచ్చిన మనిషికి అడ్డంకి సాధారణంగా ఒక్కచోట ఉండదు. మూడు చోట్ల, నాలుగు చోట్ల ఉంటుంది. లీమా ఒక్కటే. మిగతా చోట్లకు కాలి సిరే దిక్కు. తీయడం తేలిక, కావలసినంత పొడవు దొరుకుతుంది. అయితే అది తక్కువ ఒత్తిడిలో రక్తాన్ని గుండె వైపు తీసుకెళ్లడానికి ఏర్పడిన నాళం. దాన్ని ఒక్కసారిగా ధమని ఒత్తిడిలో పెడితే గోడలు మందమెక్కుతాయి, లోపల మళ్లీ కొవ్వు పేరుకుంటుంది. పదేళ్లు తిరిగేసరికి దాదాపు సగం మూసుకుపోతాయి. యాభై ఏళ్లకే బైపాస్ చేయించుకున్న మనిషికి అరవైలో మళ్లీ ఆయాసం, మళ్లీ యాంజియోగ్రామ్.

సిర బదులు ఇంకో ధమని దొరికితే బాగుంటుందని 1971లో ప్యారిస్‌లో ఆలా కార్పెంటియెకు తట్టింది. పాడైన మిట్రల్ కవాటాన్ని మార్చేయకుండా బాగుచేసే పద్ధతులతో తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న సర్జన్ ఆయన. ముంజేతిలో బొటనవేలి వైపు సాగే రేడియల్ ధమనిని తీసి బైపాస్‌కు వాడాడు. మణికట్టు దగ్గర నాడి పట్టి చూసేది ఈ ధమని మీదే. చర్మానికి దగ్గరగా ఉంటుంది, ఇరవై సెంటీమీటర్ల దాకా దొరుకుతుంది, రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పుతో కరోనరీ ధమనులకు సరిగ్గా సరిపోతుంది. 1973లో ఆ అనుభవాన్ని ప్రచురించాడు. రెండేళ్లు తిరగకముందే కథ అడ్డం తిరిగింది. మళ్లీ యాంజియోగ్రామ్ తీసి చూస్తే మూడింట ఒక వంతుకు పైగా నాళాలు మూసుకుపోయి కనిపించాయి. ఈ పద్ధతి మానేయడం మంచిదని కార్పెంటియె తానే చెప్పాడు. అందరూ మానేశారు.

వైద్య చరిత్రలో ఇలా మూలన పడ్డ ఆలోచనలు చాలానే ఉన్నాయి. వాటిలో చాలావాటికి మూలే తగిన చోటు. ఇది మాత్రం లేచి వచ్చింది, అదీ ఒక పాత రోగి పుణ్యమా అని. డెబ్భైలలో చేతి ధమనితో బైపాస్ చేయించుకున్న ఒక మనిషికి అప్పట్లోనే ఆ నాళం మూసుకుపోయిందని రాసిపెట్టారు. పదిహేనేళ్లు దాటాక ఎందుకో మళ్లీ యాంజియోగ్రామ్ తీస్తే, ఆ నాళం నిక్షేపంగా తెరుచుకుని ఉంది, లోపల జబ్బు ఛాయ కూడా లేదు. అప్పుడు మూసుకుపోయినట్టు కనిపించింది అడ్డంకి వల్ల కాదు, ధమని ముడుచుకోవడం వల్ల. రేడియల్ ధమని గోడలో కండరం ఎక్కువ, తాకితే ముడుచుకుంటుంది. పైగా తొలినాళ్లలో దాని చుట్టూ ఉన్న కణజాలాన్నంతా ఒలిచేసి, లోపలికి లోహపు కడ్డీలు దూర్చి వెడల్పు చేసేవారు. లోపలి పొర గీసుకుపోయేది. సగం నేరం ధమనిది కాదు, దాన్ని తీసిన పద్ధతిది. కార్పెంటియె బృందంలోని క్రిస్టోఫ్ అకార్ 1989లో ప్యారిస్ బ్రూసే ఆసుపత్రిలో దీన్ని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి కడ్డీలు లేవు. ధమనిని దాని పక్క సిరలతో, చుట్టూ ఉన్న కొవ్వుతో కలిపి ఒకే కట్టగా తీశారు. ముడుచుకోకుండా డిల్టియాజెమ్ వంటి మందులిచ్చారు. 1992లో వచ్చిన వాళ్ల ఫలితాలు చూసి మిగతా ప్రపంచం మళ్లీ చేతి వైపు తిరిగింది.

లాభం నిజమేనా అంటే, లెక్కలన్నీ ఒకే వైపు మొగ్గలేదు. కెనడాలో 561 మందితో జరిగిన అధ్యయనం 2004లో వెలువడింది. ఏడాది గడిచాక చేతి ధమనుల్లో 8.2 శాతం మూసుకుపోతే, కాలి సిరల్లో 13.6 శాతం మూసుకుపోయాయి. 2011లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల నుంచి వచ్చిన ఫలితం వేరు. ఏడాది తర్వాత రెండు రకాలూ 89 శాతం తెరుచుకునే ఉన్నాయి, తేడా లేదు. అసలు తేడా ఆ తర్వాతి ఏళ్లలో బయటపడుతుందేమోనని అనుమానించినవాళ్ల మాటే చివరికి నిలిచింది. పలు అధ్యయనాల్లోని 1,036 మంది వివరాలను ఒక్కచోట చేర్చి మారియో గౌడినో బృందం 2018లో విశ్లేషించింది. సగటున అయిదేళ్ల కాలంలో చేతి ధమని వాడినవారికి మరణం, గుండెపోటు, మళ్లీ స్టెంటో బైపాసో అవసరం కావడం, ఈ మూడూ కలిపి చూస్తే మూడో వంతు తగ్గాయి. పదేళ్ల లెక్క కూడా అదే దారిలో ఉంది. 2021లో అమెరికా గుండె వైద్య సంఘాలు, లీమా తర్వాత రెండో ముఖ్యమైన ధమనికి కాలి సిర కంటే చేతి ధమనే మేలని గట్టిగా సిఫారసు చేశాయి. చిత్రమేమిటంటే, ఆ అమెరికాలోనే దీన్ని వాడేది పదో వంతు బైపాస్‌లలో కూడా కాదు. తీయడానికి సమయం పడుతుంది, చెయ్యి తిరగాలి, అలవాటైన కాలి సిర పక్కనే ఉంది. సర్జన్లూ మనుషులే.

ఇక చేతి సంగతి. మోచేతి మడత దగ్గర పెద్ద ధమని రెండుగా చీలుతుంది. బొటనవేలి వైపుది రేడియల్, చిటికెనవేలి వైపుది అల్నార్. ఒకే కాలువ రెండు పాయలై, పొలానికి చెరో గట్టున సాగి, చివర మళ్లీ ఒకదానిలో ఒకటి కలిసినట్టు, ఈ రెండూ అరచేతిలోకి వెళ్లి వంపు తిరిగి కలుసుకుంటాయి. ఒక పాయను కట్టేసినా రెండో పాయ నీరు చుట్టూ తిరిగి పొలమంతా తడుపుతుంది. అరచేతిలో ఇలాంటి వంపులు రెండున్నాయి. పైకి ఉన్నదానికి ప్రధానంగా అల్నార్ ధమని, లోతుగా ఉన్నదానికి ప్రధానంగా రేడియల్ ధమని రక్తమిస్తాయి. చాలామందిలో ఈ రెండు వంపుల మధ్యా రాకపోకలు ధారాళంగా ఉంటాయి. రేడియల్ ధమనిని తీసేశాక అల్నార్ ధమనిలో ప్రవాహం పెరుగుతుంది, నెలలు గడిచేకొద్దీ అది కాస్త వెడల్పు కూడా అవుతుంది. డాప్లర్ యంత్రంతో చూస్తే ఇదంతా కనబడుతుంది.

అయితే చాలామందిలో అంటే అందరిలో అని కాదు. కొందరిలో ఆ వంపు పూర్తిగా కలిసి ఉండదు. అలాంటివాళ్లను ముందే పట్టుకోవాలి. అందుకు పనికొచ్చే పరీక్ష బైపాస్ ఆపరేషన్ల కంటే పాతది. 1929లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్గార్ అలెన్ దాన్ని వివరించాడు. పొగతాగేవాళ్ల కాళ్ల, చేతుల నాళాలు మూసుకుపోయే బర్జర్ జబ్బును గుర్తించడానికి ఆయన దాన్ని వాడాడు. ఇప్పుడు చేసే తీరు కొంచెం మారింది. రోగిని పిడికిలి గట్టిగా బిగించమంటారు. డాక్టరు తన వేళ్లతో మణికట్టు దగ్గర రెండు ధమనులనూ నొక్కి పట్టుకుంటారు. పిడికిలి విప్పితే అరచెయ్యి తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. అప్పుడు చిటికెనవేలి వైపు వేళ్లు మాత్రం తీస్తారు. అయిదారు సెకన్లలో అరచేతికీ బొటనవేలికీ ఎరుపు తిరిగి వస్తే అల్నార్ ఒక్కటే చేతిని పోషించగలదని అర్థం. పది సెకన్లు దాటినా రంగు రాకపోతే ఆ చేతిని వదిలేయడం మంచిది. చూసే కంటిని బట్టి ఫలితం మారే పరీక్ష ఇది. నల్లటి చర్మం మీద, మసక వెలుతురులో ఇంకా కష్టం. అందుకే చాలాచోట్ల దీనికి తోడు బొటనవేలికి పల్స్ ఆక్సీమీటరు తగిలించి అలలు చూస్తారు, లేదా డాప్లర్ చేయిస్తారు.

ఇక్కడ ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. దీన్ని ఆపరేషన్ నిర్ణయమయ్యాక చెబితే ఆలస్యమైపోతుంది. ప్యారిస్‌లో సర్జన్లు రేడియల్ ధమనికి మళ్లీ ప్రాణం పోసిన 1989లోనే, కెనడాలోని మాంట్రియల్‌లో లూసియన్ కాంపో అదే ధమని గుండా గొట్టం పంపి యాంజియోగ్రామ్‌లు చేసిన అనుభవాన్ని ప్రచురించాడు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమెనే అదే దారిలో యాంజియోప్లాస్టీ చేశాడు. తొడలోంచి చేసేదానికంటే రక్తస్రావం తక్కువ, రోగి వెంటనే లేచి కూర్చోవచ్చు. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా ఇప్పుడు చాలా యాంజియోగ్రామ్‌లు మణికట్టు నుంచే జరుగుతున్నాయి. రోగికి అది సుఖమే. కాకపోతే గొట్టం వెళ్లిన ధమని లోపలి పొర దెబ్బతింటుంది, ఒక్కోసారి మూసుకుపోతుంది కూడా. అలాంటి ధమనిని తీసి గుండెకు కుట్టడం మంచిది కాదు. ఒకే ధమని మీద ఇద్దరు డాక్టర్ల కన్నుందన్నమాట. అదృష్టవశాత్తూ యాంజియోగ్రామ్ మామూలుగా కుడి మణికట్టు నుంచి చేస్తారు, బైపాస్‌కు ఎడమ చేతిది తీస్తారు. కుడివైపు దారి దొరక్కపోతే మాత్రం ఎడమకు వెళ్తారు. బైపాస్ అవసరం కావచ్చని అనుమానమున్న రోగి యాంజియోగ్రామ్ బల్ల ఎక్కే ముందే "ఏ చేతి నుంచి చేస్తున్నారు?" అని అడిగితే తప్పేమీ లేదు. ఆ ఒక్క మాటతో చేతి ధమని మిగలొచ్చు.

ఆపరేషన్ రోజున ఒక సర్జన్ ఛాతీ తెరుస్తుంటే, మరో సర్జన్ పక్కకు చాపిన చేతి మీద పని మొదలుపెడతారు. మోచేతి మడతకు కొంచెం దిగువ నుంచి మణికట్టు పైదాకా పొడవాటి కోత. కొన్ని ఆసుపత్రుల్లో మణికట్టు దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల గంటు పెట్టి, లోపలికి కెమెరా పంపి తీస్తారు. మచ్చ చిన్నదవుతుంది, గాయం తంటాలూ తగ్గుతాయి. ఎలా తీసినా సర్జన్ జాగ్రత్తపడేది రెండు నరాల విషయంలో. ఒకటి ముంజేతి బయటి అంచు చర్మానికి స్పర్శనిచ్చేది. రెండోది ముంజేతి నడిమి భాగంలో రేడియల్ ధమనిని ఆనుకునే సాగి, బొటనవేలి వెనుక వైపుకూ, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చేతి వీపు మీది చర్మానికీ స్పర్శనిచ్చేది. ఇవి రెండూ స్పర్శ నరాలే, కండరాలను కదిలించేవి కావు. ఆపరేషన్ తర్వాత చేతికి ఏమవుతుందో, ఏమి కాదో చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఈ నరాలు లాగుడుకు గురైనా, వేడి తగిలినా, వాచిన కణజాలం మధ్య నలిగినా స్పర్శ దెబ్బతింటుంది. పట్టు మాత్రం అలాగే ఉంటుంది.

ఇంటికి వచ్చినవాళ్లు చెప్పేదీ దీనికి సరిపోతుంది. బొటనవేలి మొదట్లో తిమ్మిరి, చర్మం తనది కాదన్నట్టు మొద్దుబారడం, చొక్కా చేయి రాసుకుంటే చురుక్కుమనడం, చన్నీళ్లు తగిలితే జిల్లుమని లాగడం, మచ్చ వెంట బిగుతు. తొలి వారాల్లో ఇలాంటివి ఏదో ఒకటి ఉందని చెప్పేవారు కొన్ని అధ్యయనాల్లో మూడింట ఒక వంతు దాకా తేలారు. నెలలు గడిచేకొద్దీ ఆ సంఖ్య బాగా పడిపోతుంది. నరం నెమ్మదిగా కోలుకుంటుంది, దాన్ని తొందరపెట్టలేం. ఏడాది తర్వాత కూడా కొందరికి అరచేయంత మేర కాస్త మొద్దుగానే మిగులుతుంది. వాళ్లలో చాలామంది డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే తప్ప ఆ మాట ఎత్తరు.

వేళ్లలో ఏది తిమ్మిరెక్కిందో గమనించడం మంచిది. బొటనవేలు, దాని వెనుక వైపు అయితే ధమని తీసిన చోటి నరమే కారణమై ఉండవచ్చు. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కితే ఆ నెపం చేతి కోత మీద వేయడానికి లేదు. ఛాతీ ఎముకను రెండుగా తెరిచి పట్టినప్పుడు మెడ నుంచి చంకలోకి దిగే నరాల గుంపు సాగుతుంది. గంటల తరబడి బల్ల మీద ఒకే తీరున ఉండడం వల్ల మోచేతి దగ్గర నరం కూడా నలగవచ్చు. చేతిని ముట్టుకోకుండా బైపాస్ చేసినవాళ్లలోనూ, కోత లేని రెండో చేతిలోనూ ఈ తిమ్మిరి కనిపించేది అందుకే. ఇది కూడా ఎక్కువమందిలో కొన్ని వారాల్లో, నెలల్లో సర్దుకుంటుంది. చెయ్యి బలహీనపడిందన్న ఫిర్యాదులోనూ ఇలాంటి పొరపాటే ఒకటి ఉంటుంది. కోసిన ఛాతీ ఎముక అతుక్కునే దాకా, రెండు మూడు నెలలు బరువులెత్తవద్దంటారు. నీళ్ల బిందె ముట్టని చెయ్యి, బియ్యం సంచి ఎత్తని చెయ్యి సన్నబడుతుంది. అది ధమని పోయినందుకు కాదు, పని లేనందుకు.

పట్టును యంత్రంతో కొలిచి, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా పోల్చిన అధ్యయనాలు చాలామటుకు చెప్పేది ఒక్కటే. తొలి రోజుల్లో కాస్త తగ్గినా, నెలల్లో పట్టు పాత స్థాయికి వస్తుంది. తీసిన చేతికీ తీయని చేతికీ చెప్పుకోదగ్గ తేడా మిగలదు. బొటనవేలితో గట్టిగా పట్టుకునే బలం తగ్గిందనే కొద్దిమంది ఉంటారు. వాళ్లను ఫిజియోథెరపీకి పంపడంలో ఆలస్యం చేయకూడదు. మొదటి రోజు నుంచే వేళ్లు మూసి తెరవడం, దిండు మీద చెయ్యి ఎత్తి పెట్టుకోవడం, వాపు తగ్గాక మెత్తని బంతి పిసకడం, గాయం మానాక మచ్చ వెంట నూనెతో మెల్లగా రుద్దడం వంటివి నేర్పిస్తారు. స్పర్శ మొద్దుబారిన చేత్తో వంటింట్లో పనిచేసేవాళ్లకు ఇంకో హెచ్చరిక కావాలి. పొయ్యి మీది గిన్నె కాలుతున్నా బొటనవేలి వెనుక చర్మానికి తెలియదు. పట్టకారు వాడాలి, స్నానం నీళ్ల వేడి రెండో చేత్తో చూసుకోవాలి. షుగరు వల్ల ముందే స్పర్శ తగ్గినవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

చేతికి రక్తమందక ప్రమాదం ముంచుకొచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి గానీ, అవి చాలా అరుదు. అరుదైనా లక్షణాలు తెలిసి ఉండాలి. ఆపరేషన్ అయిన మొదటి గంటల్లో, రోజుల్లో చెయ్యి చల్లబడి పాలిపోతే, వేళ్లు నీలంగా మారితే, ముంజేయి రాయిలా బిగిసి మందులకు లొంగని నొప్పి పుడితే ఒక్క నిమిషం కూడా ఆగకుండా నర్సుకు చెప్పాలి. లోపల రక్తం గడ్డకట్టి కండరాలను నొక్కినా ఇలాగే ఉంటుంది. చీము పట్టడం వంటి గాయం బాధలు మాత్రం కాలి కంటే చేతికే తక్కువ. కాలి నుంచి సిర తీసినవాళ్లు వాచిన చీలమండలతో కుంటుతున్నప్పుడు, చేతి ధమని ఇచ్చినవాళ్లు వరండాలో హాయిగా నడుస్తుంటారు.

నాడి విషయంలో మాత్రం ఒక కొత్త చిక్కు వస్తుంది. ధమని తీసిన మణికట్టు దగ్గర మామూలుగా నాడి అందదు. మనిషి స్పృహ తప్పి పడిపోతే, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వచ్చిన సిబ్బంది ఆ చెయ్యే పట్టుకుని చూస్తే కంగారుపడే ప్రమాదముంది. నాడి వైద్యులు మగవారికి కుడి చేతిలో, ఆడవారికి ఎడమ చేతిలో నాడి చూసే సంప్రదాయం మనకు తెలిసిందే. ఎడమ చేతి ధమని ఇచ్చిన ఆడమనిషి ఆ వైద్యుడి దగ్గరికి వెళితే ఆయనకు చెమటలు పట్టక తప్పదు. సరదాకు చెప్పినా, దీని వెనుక గట్టి సంగతే ఉంది. ఆ చేతికి మిగిలింది ఒక్క అల్నార్ ధమని. ఐసీయూలో రక్తపరీక్షకు సూది గుచ్చడానికైనా, మళ్లీ ఎప్పుడైనా యాంజియోగ్రామ్‌కైనా దాన్ని ముట్టుకోకూడదు. అందుకే "ఎడమ చేతి రేడియల్ ధమని తీశారు" అని రాసిన కాగితం పర్సులో ఉండాలి, ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. పై చేతికి పట్టీ కట్టి బీపీ చూడడానికి మామూలుగా అభ్యంతరం లేదు. ధమని ముడుచుకోకుండా ఇచ్చే మందులు సాధారణంగా ఏడాది దాకా వాడమంటారు. చేతి గాయం మానిపోయిందని వాటిని మానేయకూడదు. అవి చేతి కోసం కాదు, గుండెకు కుట్టిన నాళం కోసం.

ఏ చేతి నుంచి తీయాలి? వాటం లేని చేతి నుంచి అని పుస్తకాలు చెబుతాయి. మన ఇళ్లలో ఈ సంగతి తేల్చడం అంత సులువు కాదు. ఎడమచేతివాటం పిల్లలను గదమాయించి కుడి చేత్తో తినడం, కుడి చేత్తో రాయడం అలవాటు చేసిన తరం ఇప్పుడు బైపాస్ వయసులో ఉంది. "ఏ చేత్తో రాస్తారు?" అని అడిగితే "కుడి" అంటారు. సుత్తి పట్టేది, కత్తి పట్టేది మాత్రం ఎడమ చేత్తో. పని చేసేది ఏ చేత్తో అని అడగాలి. దానికంటే ముందు ఏం పని చేస్తారో అడగాలి. వీణ వాయించేవారికి ఎడమ చెయ్యి రెండో చెయ్యి కానే కాదు. మెట్ల మీద తీగను నొక్కి, లాగి గమకం పలికించేది ఆ చెయ్యే. వయొలిన్ కూడా అంతే. మగ్గం మీద ఒక చేత్తో తాడు లాగి నాడె విసురుతూ రెండో చేత్తో దెబ్బ కొట్టే నేతగాడికీ, నగిషీ చెక్కే కంసాలికీ బొటనవేలి మొద్దుతనం చిన్న విషయం కాదు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి అదే మొద్దుతనం నాలుగు నెలల్లో మరపున పడుతుంది. పట్టు తగ్గలేదని యంత్రం చెప్పవచ్చు గానీ, గమకం పట్టే వేలి నైపుణ్యాన్ని కొలిచే యంత్రం ఇంకా రాలేదు. ఇలాంటి పనివాళ్ల విషయంలో సర్జన్ వెనుకాడితే అది పిరికితనం కాదు, న్యాయమే.

చేతి జోలికి వెళ్లకూడని సందర్భాలు ఇంకా ఉన్నాయి. మూత్రపిండాలు దెబ్బతిని ముందుముందు డయాలసిస్ తప్పదనుకునేవారికి ఆ ధమని మణికట్టు దగ్గర సిరతో కలిపి ఫిస్టులా పెట్టడానికి కావాలి. చలికి వేళ్లు తెల్లబడి నీలంగా మారే రేనాడ్ జబ్బు ఉన్నవాళ్లవి, చర్మం బిగుసుకుపోయే స్క్లీరోడెర్మా ఉన్నవాళ్లవి, సున్నం పట్టి గట్టిపడిన ధమనులు పనికిరావు. గుండె వైపు నుంచి చూసినా షరతు ఉంది. కరోనరీ ధమనిలో అడ్డంకి చాలా ఎక్కువగా, ఎడమవైపు అయితే 70 శాతానికి మించి, కుడివైపు అయితే 90 శాతం దాకా ఉన్నప్పుడే చేతి ధమని నిలబడుతుంది. పాత దారిలో రక్తం ఇంకా ధారాళంగా పారుతుంటే కొత్త నాళంలో ప్రవాహం మందగించి, అది దారంలా సన్నబడిపోతుంది. అప్పుడు చెయ్యి కోసిన ఫలితమూ దక్కదు.

చేతి ధమని కుదరనివాళ్లకు వేరే దారులు లేకపోలేదు. కుడివైపు ఛాతీ లోపలి ధమనిని కూడా వాడవచ్చు. షుగరు ఎక్కువగా ఉన్నవాళ్లలో, బాగా లావుగా ఉన్నవాళ్లలో రెండు వైపులవీ తీస్తే ఛాతీ ఎముక సరిగా మానదన్న భయం ఉంది కాబట్టి ఆచితూచి చేస్తారు. కాలి సిరనే కొత్త పద్ధతిలో తీయడం ఇంకొకటి. స్వీడన్‌లోని ఓరెబ్రోలో డొమింగోస్ సౌజా తొంభైలలో మొదలుపెట్టిన ఈ పద్ధతిలో సిరను ఒలవకుండా, ఉబ్బించకుండా, చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీస్తారు. చేతి ధమని విషయంలో ప్యారిస్‌లో నేర్చుకున్న జాగ్రత్త లాంటిదే ఇదీ. ఇలా తీసిన సిరలు మామూలు సిరల కంటే ఎక్కువ కాలం తెరుచుకుని ఉన్నట్టు ఫలితాలు వచ్చాయి. వీటిలో ఏది ఎవరికి అన్నది ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం సంతకాల వేళ తేలే సంగతి కాకూడదు. యాంజియోగ్రామ్ రిపోర్టు చేతికొచ్చిన రోజే రోగి తన పనేమిటో, తన వాటమేదో చెప్పి, ఏ నాళం ఎక్కడి నుంచి తీస్తారని సర్జన్‌ను అడగవచ్చు.